మోటో కాదు బాబూ, మోటివ్!

ట్రాయ్ (మిషిగన్) నుంచి ఒక సైట్ సూపర్‌వైజర్

మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, మనకు తెలియకుండానే మాటల్లో పది ఇంగ్లిషు ముక్కలు దొర్లుతాయి. అందులో తరచుగా వినపడేది ‘మోటో’. ‘‘అసలు వాడి మెయిన్ మోటో ఏంటంటావ్?’’ అంటాడు ఒకాయన. ‘‘నా మోటో ఒక్కటే అన్నా, అప్పు తీర్చేసి ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలి’’ అంటాడు ఇంకొకాయన. నిజానికి మొదటాయన అడగదల్చుకున్నది మోటివ్ గురించి. రెండో ఆయన చెప్పదల్చుకున్నది తన లక్ష్యం. మోటో అంటే ఈ రెండూ కావు. ఒక స్కూలో, ఒక సంస్థో తన గురించి చెప్పుకుంటూ బోర్డు మీద రాసుకునే నినాదం లాంటి వాక్యం అది.

ఒక్క అక్షరం తేడాకి ఇంత రాద్ధాంతం దేనికి అని మీరనొచ్చు. తేడా అక్షరంలోనే ఉంటే నేనూ పట్టించుకోను. ఎందుకు వచ్చావ్, ఎందుకు ఉన్నావ్, ఆ పని ఎందుకు చేశావ్ అని అడిగేవాళ్ళు పరాయి దేశంలో మనకు అడుగడుగునా తగులుతారు. వీసా కిటికీ దగ్గర ఒకరు, ఎయిర్‌పోర్టులో ఒకరు, ఆఫీసులో హెచ్ఆర్ ఒకరు, ఖర్మ కాలితే పోలీసు ఒకరు. మనకి వీటన్నిటికీ కలిపి ఒకటే మాట: ఉద్దేశం. వాళ్ళకి మాత్రం ఒక్కోచోట ఒక్కో మాట, ఒక్కో అర్థం, ఒక్కో చట్టం. ఆ తేడా తెలియక నష్టపోయేది మనమే.

నేను ఇంగ్లిషు పండితుణ్ణి కాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, కొన్నేళ్ళు గల్ఫ్‌లో పనిచేసి, మా ఆవిడ ఉద్యోగం మీద ఈ ఊరు వచ్చినవాణ్ణి. కాంక్రీటు, డ్రైవాల్, సేఫ్టీ రిపోర్టుల మధ్య రోజు గడుస్తుంది. ఆ రిపోర్టులు రాస్తూ, పైవాళ్ళు వాటిని ఎలా చదువుతారో చూస్తూ నాకు తెలిసొచ్చిన సంగతులే ఇవి.

ఆటోమోటివ్‌లో ఉన్నదీ అదే మాట

మోటివ్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. ‘మొవేరే’ అంటే కదిలించడం. మోటార్, మోషన్, ప్రమోషన్, ఎమోషన్ అన్నీ ఆ చెట్టు కొమ్మలే. కాజీపేట వాళ్ళకు లోకో షెడ్ తెలుసు కదా, ఆ లోకోమోటివ్‌లో ఉన్నదీ ఇదే మోటివ్. డెట్రాయిట్‌ని మోటార్ సిటీ అంటారు. మా ట్రాయ్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో చాలామంది పనిచేసేది ఆటోమోటివ్ కంపెనీల్లోనే. అంటే రోజూ పొద్దున్నే బ్యాడ్జి మీద ఆ మాట తగిలించుకునే తిరుగుతున్నాం. మోటో మాత్రం ఇటాలియన్ నుంచి వచ్చింది. దానికి మూలం ‘పలికిన మాట’ అనే అర్థం ఉన్న వేరే లాటిన్ పదం. కాబట్టి ఈ రెండింటికీ చుట్టరికం లేదు, పోలిక ఒక్కటే ఉంది.

బండిని కదిలించేది మోటార్ అయితే, మనిషిని కదిలించేది మోటివ్. అది లోపల ఉంటుంది, బయటికి కనపడదు. లోగుట్టు పెరుమాళ్ళకెరుక అని మన పెద్దలు అన్నది దీని గురించే. ఇంగ్లిషులో ఈ మాట చుట్టూ ఇంకో మూడు మాటలు తిరుగుతుంటాయి: రీజన్, పర్పస్, ఇంటెంట్. మనవాళ్ళు ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

రెయిలింగ్ తీసిన మనిషి

డిక్షనరీ కంటే సైటు మీద చూపిస్తే సులువుగా అర్థమవుతుంది. రెండో అంతస్తు అంచున రక్షణ రెయిలింగ్ ఉంది. ఇక్కడ నిర్మాణ పనుల్లో 6 అడుగులు, ఆపైన ఎత్తులో అంచు దగ్గర పనిచేసే మనిషికి పడిపోకుండా ఏదో ఒక రక్షణ ఉండి తీరాలని ఓషా నియమం. ఒక పనివాడు ఆ రెయిలింగ్ విప్పి పక్కన పెట్టాడు అనుకుందాం. ఫోర్క్ లిఫ్టుతో కింద నుంచి డ్రైవాల్ షీట్లు అందించారు, లోపలికి లాక్కున్నాడు. ఈ లోపల సేఫ్టీ ఆయన వచ్చి చూశాడు.

ఎందుకు తీశావ్? షీట్లు లోపలికి రావడానికి ఇంకో దారి లేదు. ఇది రీజన్, అంటే కారణం. దేనికోసం తీశావ్? సరుకు ఎక్కించడానికి. ఇది పర్పస్, అంటే ప్రయోజనం. తెలిసే తీశావా, దానంతట అది ఊడిందా? తెలిసే తీశాడు, మళ్ళీ పెట్టేద్దామనే అనుకున్నాడు. ఇది ఇంటెంట్. అంటే చేసే పని మీద మనసు పెట్టి చేయడం, మన పాత మాటలో సంకల్పం. మరి రూలు తెలిసి కూడా అడగకుండా ఎందుకు తీశాడు? సాయంత్రం లోపల పని అవకపోతే ఫోర్‌మన్ తిడతాడని భయం. లోపల నుంచి అతన్ని తోసింది ఆ భయం. అదీ మోటివ్.

చూశారా, ఒకే పని, నాలుగు మాటలు, నాలుగు జవాబులు. రిపోర్టులో ‘కేర్‌లెస్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఈ నాలుగూ మాయమైపోతాయి. రేపు ఇంకొకడు అదే రెయిలింగ్ తీస్తాడు. ‘సరుకు దింపడానికి వేరే చోటు లేదు, గడువు ఒత్తిడి ఉంది’ అని రాస్తే మేనేజ్‌మెంట్ ఏదో ఒకటి చేయక తప్పదు. మాట సరిగ్గా రాస్తే ఒక మనిషి పడిపోకుండా ఆగుతాడు. ఇది భాషా పాండిత్యం కాదు, ప్రాణం సంగతి.

ఇంకో విశేషం చెప్తాను. ఓషా చట్టంలో ‘విల్‌ఫుల్’ ఉల్లంఘన అని ఒకటి ఉంది. దానికి జరిమానా మామూలు దానికంటే చాలా ఎక్కువ. కంపెనీకి రూలు తెలిసి, తెలిసే పక్కన పెట్టిందని తేలితే చాలు. ‘మా మోటివ్ మంచిదే, పని త్వరగా అవ్వాలనే చేశాం’ అంటే చెల్లదు. అక్కడ చూసేది ఇంటెంట్, మోటివ్ కాదు. మంచి మనసుతో చేసిన తప్పుకీ టికెట్ పడుతుంది.

ఈమెయిల్లో ఈ మాట వాడే ముందు

మోటివ్ అనే మాటకి ఇంగ్లిషులో కాస్త అనుమానం వాసన ఉంటుంది. మన తెలుగులో ‘ఉద్దేశం’ మంచికీ వాడతాం, చెడుకీ వాడతాం. చెడ్డదైతే ముందు ‘దుర్’ చేర్చి దురుద్దేశం అంటాం. ఇంగ్లిషులో మోటివ్ అంటేనే సగం దురుద్దేశం. ‘రీజన్ ఏంటి’ అని అడిగితే అది ప్రశ్న. ‘నీ మోటివ్ ఏంటి’ అని అడిగితే అది నింద. పోలీసు వార్తల్లో, కోర్టు సీరియళ్ళలో ఆ మాట వినీ వినీ అమెరికన్ల చెవికి అలాగే అలవాటైంది.

మన కుర్రాళ్ళు కొందరు క్లయింటుకు మెయిల్ రాస్తూ, షెడ్యూల్ మార్చడం వెనక మీ ఇంటెన్షన్ ఏమిటో తెలియజేయగలరు అని మర్యాదగానే రాస్తారు. మనసులో కోపం ఏమీ ఉండదు. చదివినవాడికి మాత్రం ‘నువ్వేదో కుట్ర చేస్తున్నావ్’ అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ రాయాల్సింది రీజన్. అలాగే మోటివ్, మోటివేషన్ కూడా ఒకటి కావు. మోటివేషన్ అంటే ఉత్సాహం, ప్రేరణ. జర్మనీ యూనివర్సిటీలకు అప్లయి చేసే పిల్లల్ని ‘మోటివేషన్ లెటర్’ అడుగుతారు. అది మంచి మాటే. అదే పిల్లవాడు ‘మై మోటివ్ ఈజ్...’ అని మొదలుపెడితే చదివేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది.

అమెరికాకి వచ్చే పిల్లలు రాసేది ఎస్ఓపీ, అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. పేరులోనే పర్పస్ ఉంది. ఏం చదవబోతున్నావ్, దాంతో ఏం చేయబోతున్నావ్ అని అడుగుతున్నారు. మనవాళ్ళు చాలామంది అమీర్‌పేటలో ఏదో కన్సల్టెన్సీ దగ్గర ఇంకొకరిది తెచ్చి పేరు మార్చి ఇచ్చేస్తారు. సొంత పర్పస్ సొంతంగా రాసుకోని పిల్లవాడు, రేపు వీసా ఆఫీసరు అడిగితే ఏం చెప్తాడు?

వీసా కిటికీ దగ్గర

వీసా దగ్గర అసలు తూకం ఇంటెంట్ మీదే. 1952 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. ఆ నంబరు మన ఇళ్ళలో చాలామందికి కంఠతా వచ్చు. విజిటరుగానో స్టూడెంటుగానో వచ్చేవాణ్ణి, ఇక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే ముందుగా అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది మనమే. 1990 చట్టంతో హెచ్-1బీ, ఎల్-1 వాళ్ళకు ఆ బాధ తప్పింది. పనికి వచ్చాం, గ్రీన్ కార్డు కూడా కావాలి అని రెండూ ఒకేసారి అనుకున్నా తప్పు లేదు. దాన్నే డ్యూయల్ ఇంటెంట్ అంటారు.

అమ్మానాన్నల్ని పిలిపించుకునేటప్పుడు ఈ తేడా బాగా పనికొస్తుంది. పర్పస్ ఏమిటి అంటే, కూతురి పురుడు, మనవడి బారసాల, ఊరు చూడటం. ఇంటెంట్ ఏమిటి అంటే, ఫలానా నెలలో తిరిగి వెళ్ళిపోవడం. మోటివ్ ఏమిటి అంటే, పిల్లల మీద మమకారం. ఆఫీసరు అడిగేది మొదటి రెండు. మన పెద్దవాళ్ళు మూడోది చెప్తారు. ‘‘పిల్లని విడిచి ఉండలేక వస్తున్నాం బాబూ’’ అంటారు. ప్రేమతో చెప్పిన ఆ మాటే, తిరిగి వెళ్ళరేమో అనే అనుమానానికి దారి తీయొచ్చు. అబద్ధం చెప్పమని కాదు నేననేది. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పమని.

ఫార్మింగ్టన్ నేర్పిన పాఠం

మా ట్రాయ్ నుంచి అరగంట ప్రయాణంలో ఫార్మింగ్టన్ హిల్స్ ఉంది. యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అనే పేరు మీరు మర్చిపోయి ఉండరు. 2019 జనవరి చివర్లో అది బయటపడింది. దానికి క్లాసులు లేవు, ప్రొఫెసర్లు లేరు. నడిపింది హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ రహస్య ఏజెంట్లు. చేరిన సుమారు 600 మందిలో ఎక్కువమంది భారతీయులు, అందులో మన తెలుగు పిల్లలు బోలెడు మంది. ఆ ఏడాది చివరికి సుమారు 250 మందిని అరెస్టు చేశారు. విద్యార్థుల్ని చేర్పించిన ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసులు పెట్టారు. ఏడాదికి సుమారు 12 వేల డాలర్ల ఫీజు కట్టిన పిల్లలు చాలామంది ఉన్నపళంగా ఇంటి దారి పట్టారు.

అప్పుడు మన గుళ్ళలో, పార్టీల్లో ఒకటే వాదన. ‘పాపం, అప్పు చేసి వచ్చారు, లాటరీలో పేరు రాలేదు, ఇంకేం చేస్తారు’ అని ఒకరు. ‘క్లాసులు లేవని తెలిసి చేరారు కదా’ అని ఇంకొకరు. వీళ్ళిద్దరూ ఒకే విషయం మాట్లాడటం లేదు. మొదటాయన చెప్పేది మోటివ్. రెండో ఆయన చెప్పేది ఇంటెంట్. అప్పు, పరువు, ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లిదండ్రులు, ఇవన్నీ నిజమే. వింటే మనసు కరుగుతుంది. కానీ చట్టం అడిగేది తెలిసి చేరావా, తెలియక చేరావా అని. అందరూ ఒకేలా లేరు. ప్రభుత్వమే తన జాబితాలో గుర్తింపు ఉన్నట్టు చూపించింది, అది చూసే చేరాం అన్నవాళ్ళున్నారు. వాళ్ళని అందరితో కలిపి దొంగలు అనేయడం ఎంత అన్యాయమో, క్లాసుల్లేకుండా స్టేటస్ కోసమే చేరినవాళ్ళని అమాయకులనడం కూడా అంతే పొరపాటు.

ఈ కథలో ప్రభుత్వం మోటివ్ మీదా ప్రశ్న వచ్చింది. ఫీజు తీసుకుని చదువు చెప్పలేదు కాబట్టి ఒప్పందం ఉల్లంఘించారని ఒక విద్యార్థి దావా వేశాడు. ఇదంతా చట్టం అమలు కోసం చేసిన పని, మామూలు కాంట్రాక్టు కాదు అని ప్రభుత్వం వాదించింది. కింది కోర్టు ఆ దావాను కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు మాత్రం ఆ దావా ముందుకు సాగొచ్చని చెప్పింది. అంటే మా మోటివ్ మంచిది అనే మాట ప్రభుత్వానికైనా అన్నిచోట్లా గొడుగు పట్టదన్నమాట.

ఓలేత, ఉడ్‌వర్డ్: రెండు హత్యలు

మరి మోటివ్‌కి చట్టంలో విలువే లేదా? ఉంది. ఆ విలువ ఏమిటో మన తెలుగువాళ్ళం కన్నీళ్ళతో తెలుసుకున్నాం.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేతలో ఒక బార్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. హైదరాబాద్ కుర్రాడు, గార్మిన్‌లో ఇంజనీరు, వయసు 32. పక్కనే ఉన్న స్నేహితుడు అలోక్ మాదసాని గాయపడ్డాడు. అడ్డుకోబోయిన అమెరికన్ యువకుడు ఇయన్ గ్రిలట్‌కీ తూటా తగిలింది. కాల్చిన ఆడమ్ ప్యూరింటన్ అంతకుముందు వాళ్ళ వీసాల గురించి నిలదీశాడు, మా దేశం నుంచి పొండి అని అరిచాడు. పారిపోయాక ఇంకో చోట, ఇరాన్ వాళ్ళని కాల్చి వచ్చానని చెప్పుకున్నాడు.

కాన్సస్ రాష్ట్ర కోర్టులో హత్య కేసుకి కావాల్సింది ఇంటెంట్. ముందే అనుకుని చంపాడా లేదా, అంతే. 2018లో నేరం ఒప్పుకున్నాడు, యావజ్జీవం పడింది. కానీ ఫెడరల్ కేసు వేరు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం కారణంగా చంపాడని అందులో అభియోగం. అంటే అక్కడ మోటివే నేరంలో భాగం. అది నిరూపించకపోతే కేసే లేదు. అదీ ఒప్పుకున్నాడు. 2018 ఆగస్టులో మళ్ళీ యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ఎలాగూ ఒక యావజ్జీవం పడ్డాక రెండోది దేనికి అని కొందరన్నారు. దేనికంటే, చంపింది మనిషినే కాదు, అతని పుట్టుకని చూసి చంపాడు అని దేశం తన రికార్డులో రాసుకోవడానికి. నాలాంటి వాడికి ఆ రెండో కాగితం చాలా ముఖ్యం.

ఇలాంటి కాగితం దొరకని కేసు ఒకటి మా ఇంటికి దగ్గర్లోనే జరిగింది. 1982 జూన్. ట్రాయ్ పక్కనే ఉన్న బర్మింగ్‌హామ్ గుండా డెట్రాయిట్‌కి వెళ్ళే ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మనందరికీ తెలుసు. ఆ రోడ్డు మీదే హైలాండ్ పార్క్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ళ చైనీస్ అమెరికన్‌ని బేస్‌బాల్ బ్యాటుతో కొట్టారు. నాలుగు రోజులకి చనిపోయాడు. అతను డ్రాఫ్ట్స్‌మన్, అంటే మన డిప్లొమా వాళ్ళు చేసే పనే. త్వరలో పెళ్ళి. జపాన్ కార్ల వల్ల మా ఉద్యోగాలు పోయాయనే కసి డెట్రాయిట్ అంతా ఉన్న రోజులవి. కొట్టిన రోనాల్డ్ ఈబెన్స్ క్రైస్లర్ ప్లాంటులో సూపర్‌వైజర్. చంపినవాళ్ళకి రాష్ట్ర కోర్టు వేసిన శిక్ష మూడేళ్ళ ప్రొబేషన్, 3 వేల డాలర్ల జరిమానా. జైలు లేదు.

జనం తిరగబడ్డాక ఫెడరల్ కేసు పెట్టారు. అక్కడ ప్రశ్న ఒక్కటే: జాతి వల్ల కొట్టారా, బార్‌లో తాగి గొడవపడి కొట్టారా? ‘మీ వల్లే మాకు పనులు పోయాయి’ అన్న అర్థం వచ్చే మాట విన్నానని ఒక సాక్షి చెప్పింది. 1984లో ఈబెన్స్‌కి 25 ఏళ్ళ శిక్ష పడింది. 1986లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. 1987లో సిన్సినాటీలో మళ్ళీ విచారణ జరిగి నిర్దోషిగా బయటికి వచ్చాడు. చంపాడన్నది ఎవరూ కాదనలేదు. ఎందుకు చంపాడన్నది మాత్రం జ్యూరీ ముందు నిలబడలేదు. ఒక మాట ఎవరు విన్నారు, ఎప్పుడు చెప్పారు అన్నదాని మీద కేసు అంతా వేలాడింది.

మనసులో ఉన్నదానికి శిక్ష వేస్తారా అని అడిగేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. 1993లో అమెరికా సుప్రీంకోర్టు విస్కాన్సిన్ కేసులో దీనికి జవాబు చెప్పింది. ఆలోచనకి శిక్ష లేదు, ఆ ఆలోచనతో మనిషిని ఎంచుకుని కొడితే శిక్ష పెంచొచ్చు అని. 2009లో వచ్చిన ఫెడరల్ ద్వేష నేరాల చట్టం ఆ దారిని ఇంకా వెడల్పు చేసింది.

అందుకని నా మనవి ఒకటి. మీ మీద ఎవరైనా చెయ్యి చేసుకున్నా, బెదిరించినా, 911 చేశాక పోలీసుకి ‘‘అతని మోటివ్ రేసిజం’’ అని చెప్పకండి. అది మీ అభిప్రాయం. ‘‘అతను ఈ మాట అన్నాడు’’ అని అన్న మాట అన్నట్టే చెప్పండి. బూతైనా సరే. టైము, చోటు, పక్కన ఉన్నవాళ్ళ పేర్లు ఆ రోజే రాసుకోండి. మోటివ్ నిరూపణ అయ్యేది అలాంటి మాటలతోనే. అలాగే పార్కింగ్ దగ్గర ఎవడో చిరాగ్గా చూసిన ప్రతిసారీ జాతి ద్వేషం అని కేకలు పెట్టకండి. నిజంగా అవసరమైన రోజున ఆ మాటకి బరువు ఉండాలి.

పనిలో కూడా అంతే

పనిచోట ప్రమాదం ఉందని ఒక మనిషి కంప్లయింట్ ఇస్తాడు. రెండు వారాలకి ‘పని తగ్గింది’ అని తీసేస్తారు. పని తగ్గడం రీజన్ కావచ్చు, సాకూ కావచ్చు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు సాకులకేం తక్కువ? కంప్లయింట్ ఇచ్చాడన్న కక్షే మోటివ్ అయితే అది చట్టవిరుద్ధం. 1970 నాటి ఓషా చట్టం సెక్షన్ 11(సి) చెప్పేది అదే. అయితే ఆ ఫిర్యాదుకి గడువు 30 రోజులే. మా మిషిగన్‌లో దీన్ని చూసే మియోషాలో కూడా 30 రోజులే. మనవాళ్ళు కంపెనీ పిలుస్తుందేమో అని రెండు నెలలు ఎదురుచూసి, తర్వాత లాయరు దగ్గరికి వెళ్తారు. అప్పటికి తలుపు మూసేసి ఉంటుంది. జాతి, మతం, పుట్టిన దేశం వల్ల వివక్ష అయితే మిషిగన్ సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కి 180 రోజులు, ఫెడరల్ ఈఈఓసీకి ఇక్కడ 300 రోజులు. ఈ అంకెలు ఫ్రిజ్ మీద అంటించుకోండి.

పక్కవాడి మోటివ్ మనసు చీల్చి చూపించక్కర్లేదు. తేదీలే మాట్లాడతాయి. కంప్లయింట్ ఎప్పుడిచ్చావ్, తీసేసింది ఎప్పుడు, ఆ వారంలోనే కొత్తవాళ్ళని పెట్టుకున్నారా? మెయిల్, మెసేజ్ ఏదున్నా దాచుకోండి.

గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములకి ఇది ఇంకా బాగా తెలుసు. జీతం రాక, తిండి లేక కంపెనీ వదిలి బయటపడ్డవాణ్ణి మనవాళ్ళు ఖల్లివెల్లి అంటారు. సౌదీలో ‘హురూబ్’ అని పేరు ఎక్కించేవాళ్ళు. అంటే పారిపోయినవాడు. ఆ ముద్రలో పని ఉంది, కారణం లేదు. ఎన్ని నెలల జీతం ఎగ్గొట్టారో ఆ ఒక్క మాటలో కనపడదు. కాబట్టి ఆ కారణాన్ని కాగితం మీద పెట్టాల్సింది మనమే. జీతం పడని నెలలు, బ్యాంకు స్టేట్‌మెంటు, సూపర్‌వైజర్‌కి పంపిన మెసేజ్, అన్నీ ఫోన్లో ఒకచోట, ఇంటి దగ్గర ఇంకోచోట. ఎంబసీకి వెళ్ళినా, లేబర్ కోర్టుకి వెళ్ళినా ‘ఎందుకు వదిలావ్’ అనే మొదటి ప్రశ్నకి అదే జవాబు.

మనలో మనం

చివరగా ఒక మాట, కాస్త చేదుగా ఉంటుంది. మోటివ్ వెతకడంలో మనకంటే గట్టివాళ్ళు లేరు, మనవాళ్ళ మీద అయితే మరీను. ఒకాయన ఆస్పత్రిలో ఉన్న కుర్రాడి కోసం చందాలు వసూలు చేస్తే, ‘పదవి కోసం’ అంటాం. ఒకావిడ పిల్లలకి ఉచితంగా తెలుగు నేర్పితే, ‘ఫోటోల కోసం’ అంటాం. ఫలానా జిల్లావాడు, ఫలానా కులంవాడు కాబట్టే చేశాడు అంటాం. బయటివాళ్ళు మన మోటివ్‌ని అనుమానిస్తే మండిపడే మనం, సాటి తెలుగువాణ్ణి మాత్రం సాక్ష్యం అక్కర్లేకుండా బోనెక్కిస్తాం. ఎవరి లోగుట్టు వాళ్ళది. పని మంచిదైతే పనిని చూద్దాం. లెక్కలు అడగాలంటే లెక్కలు అడుగుదాం, అది మన హక్కు. లెక్క అడగడం వేరు, మోటివ్ అంటగట్టడం వేరు.

ఆడమ్స్ రోడ్డు మీద మన భారతీయ టెంపుల్ ఉంది, డెట్రాయిట్ తెలుగు అసోసియేషన్ ఉంది. ఉగాదికి, దీపావళికి కలుస్తూనే ఉన్నాం. ఏడాదికి ఒక్క ఆదివారం మధ్యాహ్నం, ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు, ఒక లేబర్ లాయరు, పదేళ్ళు ఇక్కడ పనిచేసిన నలుగురు కూర్చుని, ఏ ఫారంలో ఏ మాట ఉంటుంది, దానికి జవాబు ఎలా చెప్పాలి అని కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్తే ఎంత మేలు! హాలు అద్దె, టీ ఖర్చు తప్ప పోయేదేమీ లేదు. నా వంతుగా సైటు రిపోర్టులు ఎలా రాయాలో చెప్పడానికి నేను సిద్ధం. మీ ఊళ్ళో, అది డాలస్ అయినా దోహా అయినా, మీరూ మొదలుపెట్టండి. ఇందులో నా మోటివ్ ఏంటని ఎవరైనా అడిగితే, ఇంకో తెలుగువాడు మాట తెలియక నష్టపోకూడదని, అంతే.